సంపత్ పంచిపెడుతున్నాడు

ఆగస్టు 11, ఆదివారం

ఇవాళ మార్కండేయ మందిరం మెట్ల మీద నా ఆదివారం మాటకు పదిమంది కూడా రాలేదు. వాన అనుకుందాం. వచ్చినవాళ్లలో ఇద్దరు నిద్రపోయారు, ఒకడు ఫోను చూసుకున్నాడు. మిగిలిపోయిన మాటలు ఇంటికి తెచ్చుకుని ఈ నోటుబుక్కులో పోస్తున్నాను. వండిన అన్నం పారేయలేం కదా.

నేను చదివిన బడి పకోడీల దుకాణం. పొట్లం విప్పి, పకోడీలు తిని, కాగితం చదివేవాణ్ని. అందుకే నాకు తెలిసిన సంగతులన్నీ మధ్యలో మొదలై మధ్యలోనే ఆగిపోతాయి. నూనె మరక పడినచోట ఏమి రాసి ఉందో ఈనాటికీ తెలియదు. అయినా సూరత్‌లోని ఈ భేస్తాన్‌లో మన తెలుగు నేతవాళ్లందరికీ నేనే పండితుణ్ని. చెట్టు లేని ఊళ్లో ఆముదపు చెట్టు.

ఇవాళ్టి మాట లోపలోడి గురించి. ప్రతి మనిషి లోపలా ఒకడు కూర్చుని ఉంటాడు. బయట ఎంత గోల ఉన్నా వాడు మెల్లగా చెబుతూనే ఉంటాడు. వాడి మాట విన్నవాడు దారి తప్పడు. ఇది నా పాత మాటే, కానీ ఇవాళ బాగా వచ్చింది.

అయిపోయాక సంపత్ ఒక్కడు ఆగాడు. నా పక్క గదివాడు. నా రెండు పూటల తిండీ అతని భార్య సంతోషి చేతిదే. వానలు మొదలైన వారంలో సంపత్ కుడిచెయ్యి సాంచ పట్టాలో, అంటే మరమగ్గం బెల్టులో, పడింది. డాక్టరు వేళ్లు నిలబెట్టాడు గానీ పట్టు నిలబెట్టలేదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దారం నిలవదు. తెగిన పోగును రెప్పపాటులో ముడివేయలేనివాడు సాంచాల మధ్య ఏం చేస్తాడు?

"తాతా, లోపలోడు ఎప్పుడన్న తప్పు చెప్తడా?" అని అడిగాడు.

"ఎన్నటికీ చెప్పడు బిడ్డా," అన్నాను.

తల ఊపి వెళ్లిపోయాడు. ఒక్కడైనా శ్రద్ధగా విన్నాడు. చాలు.

ఆగస్టు 14

పొద్దున్నుంచి గుండెల కింద ఏదో బరువు. గ్యాస్. సంతోషి శనగపిండి ఎక్కువ వేస్తుంది, చెబితే కోప్పడుతుంది.

ఆగస్టు 18, ఆదివారం

మనలో ఒక పద్ధతి ఉంది. ఎవడైనా మంచాన పడితే అతని సాంచాలను పక్కవాళ్లు తలా రెండు పంచుకుని, తమవాటితో పాటు నడుపుతారు. యజమాని సేఠ్ ఆ చోట్లోకి కొత్తవాణ్ని తేకుండా వాళ్లే కాపాడతారు. మనిషి లేచి వచ్చేసరికి చోటు చోటుగానే ఉంటుంది. సంపత్ పడినరోజున నేనే ఖాతాకు, అంటే సాంచాల షెడ్డుకు, వెళ్లి అతని దోస్తు బిక్షపతినీ మిగతా వాళ్లనూ కూర్చోబెట్టి ఒప్పించాను. ఒప్పించాల్సిన పనే లేకపోయింది. నేను చెప్పకముందే బిక్షపతి సంపత్ సాంచాల దగ్గర నిలబడి ఉన్నాడు. అయినా చెప్పాను. చెప్పకపోతే నేను వెళ్లిందెందుకు?

నిన్న సంపత్ ఖాతాకు పోయి చూసి వచ్చాడట. నవ్వుతూ వచ్చాడు.

"నేను లేకున్నా మంచిగ నడుస్తున్నయ్ తాతా. నాకంటె మంచిగ నడుస్తున్నయ్. బిక్షపతన్న చేతుల పోగు తెగుతనే లేదు."

అందులో అసూయ లేదు, ఏడుపు లేదు. తన పని ఇంకొకడు తనకంటే బాగా చేస్తున్నాడని నవ్వుతూ చెప్పగలిగినవాడు ఎంత ఎదిగినట్టు? ఇవాళ మెట్ల మీద అందరి ముందూ మెచ్చుకున్నాను. "అహంకారం కరిగిన మనిషిని చూడాలంటే సంపత్‌ను చూడండ్రి," అన్నాను. తల వంచుకుని కూర్చున్నాడు. వినయం.

పనిలో పనిగా రాసుకుంటున్నాను. సాంచాల మధ్య గొంతుతో పని లేదు. అక్కడ ఎంత అరిచినా పక్కవాడికి వినపడదు. అందుకే మనవాళ్లు చప్పుడు లేకుండా పెదవులతో మాట్లాడుకుంటారు. చూసి చదువుకుంటారు. నేను కొత్తగా వచ్చినప్పుడు ఇది రాక నానా తిప్పలు పడ్డాను. పెదవుల మాటలో చుట్టు తిప్పడానికి వీల్లేదు. పెద్ద మాట మొదలుపెడితే సగంలోనే ఎదుటివాడు పోగు వైపు తిరిగిపోతాడు. నాలుగు మాటల్లో తేల్చాలి. నాలాంటివాడికి అది నరకం. ఖాతాలో ఉన్నన్నాళ్లూ నేను మూగవాణ్ని. ఇప్పుడు మాట్లాడుతున్నదంతా ఆనాటి బాకీ.

ఆగస్టు 23

సంపత్ తన బైకు బిక్షపతికి ఇచ్చేశాడు. ఊరికే. "నా చేయి బ్రేకు పట్టదు, నువ్వు నా సాంచాలు నడుపుతున్నవ్, నువ్వే ఉంచుకో," అన్నాడట. దానగుణం ఎక్కడ దాగి ఉంటుందో ఎవరికి తెలుసు! కష్టంలో పడ్డవాడే ఎదుటివాడికి ఇవ్వడం నేర్చుకుంటాడు. ఆదివారం ఇదే చెప్పాలి.

ఆగస్టు 24

మళ్లీ గ్యాస్. వాము నమిలాను. లాభం లేదు.

ఆగస్టు 30

ఇవాళ మధ్యాహ్నం అన్నానికి వెళ్లేసరికి సంపత్, సంతోషి ఫోను ముందు కూర్చుని ఉన్నారు. గ్యాస్ సిలిండరు ఎలా బుక్ చెయ్యాలో నేర్పుతున్నాడు. కరెంటు బిల్లు ఎలా కట్టాలో, పాప హారతి స్కూలు టీచరు నంబరు ఎక్కడుందో కూడా.

"నువ్వున్నవ్ గద, నాకెందుకు ఈ లొల్లి?" అంది సంతోషి.

"నేర్సుకో. ఎన్నటికైనా పనికొస్తది."

"చూసినవా తాతా, ఇన్నేండ్లు ఫోను ముట్టనియ్యనోడు ఇయ్యాల పంతులైండు!"

నవ్వాము ముగ్గురం. ఆడవాళ్లకు తెలివి నేర్పే మగవాడు మనలో ఎంతమంది? ఆ సంగతే అన్నాను. వంకాయ కూర బాగుంది. సంపత్ గత వారం కారే పైకప్పుకు తారు పూశాడు, కుళాయికి కొత్త వాషరు వేశాడు, తలుపు గడియ సరిచేశాడు. అన్నీ ఎడమచేత్తోనే. ఇల్లు అద్దంలా ఉంది.

బయటకు వచ్చాక నర్సక్క మెట్ల దగ్గర పట్టుకుంది. నర్సవ్వ అంటే ఈ వరుస గదులన్నిటికీ పెద్దదిక్కు. నాకంటే చిన్నదే గానీ నేనూ అక్కా అనే పిలుస్తాను. పిలవకపోతే చాయ ఇవ్వదు.

"ఓ ముత్యం, నీ శిష్యుడు మొన్న నాకు దుప్పటిచ్చిండు. మంచి దుప్పటి."

"ఇయ్యనీ అక్కా. మంచిదేనాయె."

"పోయెటోడు పంచినట్టు పంచుతుండు."

తిట్టాను. ముసలిదానికి శకునాల పిచ్చి. పిల్లి ఎదురైతే కూరగాయల బండి దగ్గరికి కూడా పోదు. మనిషి మంచిగా మారితే ఓర్వలేని లోకం ఇది. పోయిన ఏడాది సేఠ్ ఒకసారి దీపావళికి రెండు డబ్బాల మిఠాయి ఎక్కువ ఇస్తే, ఖాతా అమ్మేస్తున్నాడని పుకారు పుట్టించింది కూడా ఈమే. సేఠ్ అమ్మలేదు. మిఠాయి పాతది, అంతే. అసలు సూరత్ మిఠాయి గురించి చెప్పాలంటే, ఘారీ అని ఒకటి ఉంది, పైన గడ్డకట్టిన నెయ్యి, చూడగానే

ఏం రాస్తున్నాను నేను?

సెప్టెంబరు 1, ఆదివారం

సంపత్ తన కొక్కెం నాకిచ్చాడు. సాంచ అచ్చు కన్నాల్లోంచి పోగు లాగే ఇత్తడి కొక్కెం, వాళ్ల నాయినది. పిడి మీద వేళ్ల అచ్చు పడి ఉంది. మనవాళ్లు సాంచ ఇస్తారు, గది ఇస్తారు, కొక్కెం మాత్రం చేతిది చేతిలోనే ఉంచుకుంటారు. మనిషి పోయాకే ఇంకొకరికి దక్కుతుంది.

"నాకెందుకు బిడ్డా?"

"నీకాడ ఉంటె మంచిగుంటది. నువ్వే చెప్పినవ్ గద, ఇడిసిపెట్టుడు నేర్సుకోవాలె అని."

"చెప్పిన."

"లోపలోడు గూడ అదే చెప్తుండు తాతా. మస్తు సాఫ్‌గ చెప్తుండు ఇప్పుడు. ముందుగాల లొల్లి లొల్లి ఉండె. ఇప్పుడు ఆరాంగున్నది."

వైరాగ్యం అంటే ఇదేనని రాసుకుందామని కూర్చున్నాను. రాశాను కూడా. తరువాత కొట్టేశాను. అక్షరాలు బాగా రాలేదు, అందుకు.

సెప్టెంబరు 3

కొక్కెం పెట్టెలో అడుగున పెట్టాను. పైన దుప్పటి, దాని పైన చొక్కాలు.

సెప్టెంబరు 4

గ్యాస్ కాదు.

సెప్టెంబరు 5

బిక్షపతి పాళీ డ్యూటీ దిగి తిన్నగా నా గదికి వచ్చాడు. ఒంటినిండా దూది పీచు. కూర్చోమంటే కూర్చోలేదు.

"తాతా, నాకా బైకొద్దు. తాళంచెవి జేబుల ఉంటె నిద్ర పడ్తలేదు."

"ఎందుకురా?"

"ఎందుకో నీకెర్కలేదా? నర్సవ్వకెర్క. నాకెర్క. సంతోషి చెల్లెకే ఎర్కలేదు. నువ్వడుగు."

"నేనెందుకు? నువ్వు దోస్తువు."

"నీ మాట వింటడు. నీ మాట వినే గిట్లైండు."

ఆ మాట అని తానే భయపడ్డట్టు తల గోక్కున్నాడు. నేను కోప్పడాలి. కోపం రాలేదు.

"అతని సాంచాలు ఆపొద్దని మనమే పంచుకున్నం గదరా," అన్నాను. "మంచికే గద."

"మంచికే. మనం గింత మంచిగ నడిపినంక ఆడు ఏమనుకుంటడు తాతా? ఇగ నాతోని పనేంది అనుకోడా? ఒక్కనాడన్న పోయి, అరే సంపత్, నీ సాంచ మాట వింటలేదు, వచ్చి జర చూడు, అన్ననా నేను? అన్లే. ఆరాం చెయ్ ఆరాం చెయ్ అన్న. నువ్వు గూడ గంతే."

సాయంత్రం అడగడానికే వెళ్లాను. సంపత్ గుమ్మంలో కూర్చుని హారతి చెప్పులకు దారం వేస్తున్నాడు. పక్కన కూర్చున్నాను. సూరత్‌లో వరద వచ్చిన ఏడాది మేము పైకప్పు మీద మూడు కుటుంబాలం ఒక మేకతో ఎలా గడిపామో చెప్పాను. మేక ఎవరిదో చివరిదాకా తెలియలేదని కూడా చెప్పాను. అతను నవ్వాడు. ఇంటికి వచ్చాను.

సెప్టెంబరు 6

మళ్లీ వెళ్లాను. ఈసారి ఘారీ గురించి చెప్పాను.

నా నోరు కోసి కుక్కలకు వేయాలి. ఇంత వాగే మనిషికి ఒక్క మాట రాదా?

వస్తుంది, కానీ అడిగితే అతనికి లేని ఆలోచన నేనే పెట్టినట్టవుతుందేమో. పైగా అంతా నర్సక్క ఊహ అయితే? మనిషి నిజంగానే మారి ఉంటే? అతని మొహంలో అంత శాంతి ఉంది.

ఆ శాంతిని చూస్తేనే భయంగా ఉంది. అదీ నిజం.

సెప్టెంబరు 7

వినాయక చవితి. సంపత్ అందరినీ రేపు డుమస్ సముద్రానికి తీసుకుపోతానంటున్నాడు. అందరి ఖర్చూ తనదేనట. "ఇగ మల్ల ఎన్నడు పోతమో," అన్నాడు. సంతోషి కొత్త చీర తీసింది.

సెప్టెంబరు 8, ఆదివారం

ఇది వరుసగా రాయాలి. పక్కదారులు పట్టకూడదు.

మధ్యాహ్నం డుమస్ చేరాము. సంపత్, సంతోషి, హారతి, నర్సక్క, బిక్షపతి, నేను. అక్కడి ఇసుక నలుపు. పోటు సమయం, సముద్రం బురదరంగులో ఉంది. జనం బాగా ఉన్నారు. పక్కనే గణపతి మండపం, గొంతు చించుకునే స్పీకర్లు. టమాటా భజియా బండి ముందు బెంచీల మీద కూర్చున్నాం. సంపత్ అందరికీ తెప్పించాడు. నర్సక్క కారం ఎక్కువైందని బండివాణ్ని తెలుగులోనే తిట్టింది, వాడు గుజరాతీలో ఒప్పుకున్నాడు. హారతి బుడగ అడిగితే నాలుగు కొన్నాడు. సంతోషి నవ్వుతూనే ఉంది. ఆ నవ్వు చూడలేక కళ్లు తిప్పుకున్నాను.

సంపత్ సముద్రం వైపు చూస్తున్నాడు. ఎవరూ తనను చూడటం లేదనుకున్నప్పుడు అతని మొహంలో ఏమీ లేదు. ఊడ్చిన గదిలా ఉంది.

స్పీకర్ల మోతలో ఎవరి మాట ఎవరికీ వినపడటం లేదు. అచ్చం ఖాతాలోలాగే. అప్పుడు తట్టింది. గొంతుతో అడిగితే నేను మేక దగ్గరికి పోతాను. పెదవులతో అడిగితే పోలేను.

బల్ల మీద వేళ్లతో తట్టాను. తల తిప్పాడు. చప్పుడు లేకుండా, సాంచాల మధ్య అడిగినట్టు అడిగాను.

"చావాలనుకుంటున్నవా?"

సంపత్ చేతిలో భజియా ఆగిపోయింది. ఒకసారి సంతోషి వైపు చూశాడు. ఆమె హారతి మూతి తుడుస్తోంది. పెదవులతోనే అన్నాడు.

"ఎవలు చెప్పిన్రు?"

"నువ్వే. అందరికి పంచి చెప్పినవ్."

భజియా కాగితం మీద పెట్టి వేళ్లు తుడుచుకున్నాడు. నాకు చెప్పాల్సిన కథలు కనీసం పది నోటిదాకా వచ్చాయి. దవడ బిగించుకుని కూర్చున్నాను. మాట్లాడకుండా ఉండటం ఇంత బరువు పని అని ఎవరు చెప్పారు నాకు?

"ఆఁ," అన్నాడు. తరువాత, "రేపు."



"లోపలోడు చెప్పిండు," అన్నాడు పెదవులతో. "తప్పు చెప్పడన్నవ్ గద."

"నేను తప్పు చెప్పిన."

"తాతా..."

"నేను తప్పు చెప్పిన. ఆడు నీ లోపలోడు గాదు. జరం. నాకు నువ్వు కావాలె. సంతోషికి చెప్దాం. ఇప్పుడే."

వద్దన్నట్టు తల ఊపాడు. మళ్లీ ఊపాడు. అతని పెదవులు వణికి, మాట చదవడానికి రాలేదు. కళ్లనుంచి నీళ్లు కారుతున్నాయి, మొహం మాత్రం కదలలేదు. ఇది నర్సక్క చూసింది. అడ్డదిడ్డంగా ప్రశ్నలు వేయకుండా లేచి వచ్చి అతని పక్కన ఇరుక్కుని కూర్చుని, అతని పనిచేయని చెయ్యి తీసి తన ఒళ్లో పెట్టుకుంది. ఇన్నేళ్లలో ఆమె నోరు మూసుకున్న మొదటి సాయంత్రం ఇదేననుకుంటాను.

సంతోషికి అక్కడే చెప్పాం. బిక్షపతి హారతిని ఒంటె ఎక్కించడానికి తీసుకుపోయాడు. ఆమె సంపత్‌ను రెండుచేతులా కొట్టింది, భుజాల మీద, వీపు మీద. జనం చూశారు. కొట్టి కొట్టి అతన్నే పట్టుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో సంపత్ మధ్యలో, మేము రెండు వైపులా.

సెప్టెంబరు 9

పెద్దాసుపత్రి. మనసు డాక్టరు అనే ఆమె దగ్గరికి తీసుకుపోయాం. వరుసలో నిలబడినప్పుడు ఒకడు "పాగల్ కా డాక్టర్ హై క్యా?" అన్నాడు, పిచ్చోళ్ల డాక్టరేనా అని. నర్సక్క వాడి వైపు తిరిగి, "జరం ఒంటికే వస్తదా? మనసుకు రాదా?" అంది. వాడికి ఒక్క ముక్క అర్థం కాకపోయినా పక్కకు తప్పుకున్నాడు.

డాక్టరమ్మ సంపత్‌తో చాలాసేపు మాట్లాడింది. మందులు రాసింది. ఇంట్లో ఒంటరిగా ఉంచొద్దంది. నన్ను పిలిచి, అడిగి మంచిపని చేశారు, అడిగితే ఆలోచన పుడుతుందని అందరూ భయపడతారు, పుట్టదు, అంది. నేను గొప్పగా తల ఊపాను. తరువాత సిగ్గేసింది.

సెప్టెంబరు 10

సంపత్ నాతో మాట్లాడటం లేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. పక్కనే కూర్చున్నాను.

సెప్టెంబరు 12

ఇవాళ నోరు తెరిచాడు. "నీ పని నువ్వు చూస్కోక నా తెరువెందుకొచ్చినవ్ ముసలోడా?" అన్నాడు. ఈ మాట కోసం కొబ్బరికాయ కొట్టవచ్చు.

సెప్టెంబరు 13

ఆదివారం మెట్ల మీద ఏం చెప్పాలో ఆలోచిస్తున్నాను. లోపలోడు ఉన్నాడు, కాదనను. కానీ లోపల ఒక్కడే ఉండడు. మనిషి కుంగిపోయినప్పుడు ఇంకొకడు దూరుతాడు. వాడి గొంతు అచ్చం అదే, ఇంకా సాఫ్‌గా ఉంటుంది. మాట్లాడుతున్నది ఎవడో లోపలినుంచి తెలియదు. బయట ఇంకొక మనిషిని అడగాలి. ఇంకొక మనిషి మనల్ని అడగాలి.

ఇదీ తప్పేమో. నాకు తెలియదు.

సెప్టెంబరు 15, ఆదివారం

మందిరానికి పోలేదు. సంపత్ దగ్గర ఉన్నాను. రోజూ పొద్దున ఒకే మాట అడుగుతున్నాను. "ఇయ్యాల ఉన్నదా?" ఆ ఆలోచన ఉందా అని. ఏమిటని అతను అడగడు.

"ఉన్నది," అన్నాడు ఇవాళ.

"దగ్గరున్నదా, దూరమున్నదా?"

"గుమ్మం కాడున్నది."

అక్కడే కూర్చున్నాం సాయంత్రం దాకా.

సెప్టెంబరు 18

"ఇయ్యాల?"

"మెట్ల కాడ."

బిక్షపతి వచ్చి, ఒక సాంచ నిజంగానే మొండికేసిందని, పోగులు సర్దే పన్నె ఎక్కడ తగులుతోందో తనకు అంతు పట్టడం లేదని చెప్పాడు. సగం అబద్ధం. సంపత్‌కు తెలుసు, నాకు తెలుసు. అయినా లేచి చొక్కా వేసుకున్నాడు. ముగ్గురం పోయాం. సాంచ పక్కన వంగి, చెయ్యి ఆనించి, చెవి పెట్టి చూశాడు. పోగు తెగింది. ముడి కోసం చెయ్యి లేచింది, వేళ్లు జారాయి. మళ్లీ జారాయి. అతని మొహం నల్లబడింది. బిక్షపతి సాయం చేయబోయి, నన్ను చూసి ఆగాడు. అలా ఆగడం అతనికి ఎంత కష్టమైందో నేను చూశాను.

సంపత్ ముడి వేయలేకపోయాడు. బిక్షపతి వైపు తిరిగి పెదవులతో అన్నాడు, "నువ్వెయ్యి."

ఇంటికి వచ్చాం. మంచి జరిగిందో చెడు జరిగిందో తెలియడం లేదు. ఎవరూ తలుపు గడియ పెట్టుకోవద్దని సంతోషి అంది.

సెప్టెంబరు 19

"గుమ్మం కాడ," అన్నాడు. మళ్లీ గుమ్మం దగ్గరికే వచ్చింది.

సెప్టెంబరు 21

అడగలేదు. అంటే అడిగాను, జవాబు రాలేదు. సంతోషి కళ్ల కింద నల్లగా ఉంది. డాక్టరమ్మ మందు మార్చింది. నిదానం, అంది. ఎంత నిదానమో చెప్పలేదు.

సెప్టెంబరు 24

పొద్దున నాకు జ్వరం. లేవలేదు. వాళ్ల గదికి పోలేదు, అడగలేదు. ఇన్నాళ్లలో అడగని మొదటి రోజు. మంచంలో పడుకుని గోడ వింటున్నాను. అటువైపు ఏ చప్పుడూ లేదు. నేను వస్తాననుకుని సంతోషి కూరగాయలకు పోయి ఉంటుంది. హారతి బడికి. అంటే అతను ఒంటరిగా ఉన్నాడు. లేవబోయాను, కళ్లు తిరిగాయి. బిక్షపతికి ఫోను చేద్దామని వెతుకుతుండగా

తలుపు దగ్గర సంపత్. చెప్పులు లేవు, చొక్కా గుండీలు తప్పు కాజాల్లో ఉన్నాయి. మొహం పాలిపోయింది.

"తాతా, ఇయ్యాల లోపలికొచ్చింది. నువ్వడుగుతవేమో అని చూసిన, నువ్వు రాలే. గందుకె నేనే వచ్చిన. జర నా దగ్గర కూసో."

చాప వేసుకుంటున్నాడు. ఇక రాయను.